నర్సంపేట తోటలో పడ్డది మంచు కాదు, రాళ్లవాన

అవి వడగండ్లే. మామిడితోట నేలంతా తెల్లబడ్డ ఫొటో పెట్టి, మార్చిలో మంచు ఎట్లా పడ్డదని అడిగారు. దూరం నుంచి తీస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మంచు కురవాలంటే మేఘం నుంచి నేలదాకా గాలి చల్లగా ఉండాలి. వడగండ్లకు మన ఎండే కావాలి. వేడెక్కిన గాలి ఉరుముల మేఘంలోకి జోరుగా లేచి నీటిచుక్కల్ని కిలోమీటర్ల ఎత్తుకు మోస్తుంది. సున్నా డిగ్రీల కన్నా చల్లబడ్డ ఆ చుక్కలు చిన్న గడ్డకు అతుక్కుంటూ పొరలు కడతాయి. గాలి మోయలేనంత బరువైతే రాలుతాయి.

ఇట్లా చూసుకోండి:

1. రేకుల మీద టపటపా మోగిందా? మంచు చప్పుడు చేయదు.

2. ఆకులు చిరిగాయా, పిందెలకు దెబ్బలున్నాయా?

3. చాలామంది వదిలేసేది ఇదే: రాయి లోపల చూడాలి. మళ్లీ పడితే, వాన పూర్తిగా ఆగాక పెద్దది ఏరి డీప్‌ ఫ్రిజ్‌లో పెట్టండి. కత్తితో కొట్టొద్దు, పగులుతుంది. గోరువెచ్చని స్టీలు పళ్లెం మీద ఒకవైపు రుద్ది సగం కరిగించండి. ఆ ముఖాన్ని వెలుతురుకు పెడితే, పెద్ద రాళ్లలో ఉల్లిగడ్డ పొరల్లా వలయాలు కనిపిస్తాయి. తెల్లటి పొర త్వరగా గడ్డకట్టి గాలిబుడగల్ని పట్టేసుకున్నది. తేటగా ఉన్నది నిదానంగా గట్టిపడ్డది. మంచుకు ఈ వలయాలు ఉండవు, అది నీటి ఆవిరి నుంచి నేరుగా ఏర్పడే ఆరు మూలల స్ఫటికం.

ఫొటోలో పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. 5 మిల్లీమీటర్లు, అంతకు మించితే వడగండ్ల లెక్క.

ఉరుముతుండగా పిల్లలను ఏరడానికి అసలే పంపొద్దు, పిడుగులు పడేది ఆ మేఘం నుంచే.