బరంపురంలో అద్దె కోసం ఫ్లాటు కొనాలా, మేడపై వాటా వేయాలా?

ఒడిశాలోని రాయగడలో కాగితం మిల్లు ఉద్యోగం, చేతిలో 12 లక్షలు, బరంపురంలో అమ్మానాన్నలు ఉంటున్న ఒక అంతస్తు డాబా. అప్పు తీసుకుని ఫ్లాటు కొని అద్దెకిస్తే ఈఎంఐ దానంతటదే తీరిపోతుందా అని మీరు అడిగారు. తీరదు. బరంపురంలో చాలా ఏళ్లుగా రెండు వాటాలు అద్దెకిస్తున్నవాడిగా నా సలహా: ఫ్లాటు కొనకండి, ఉన్న డాబా మీద కట్టండి.

35 లక్షల ఫ్లాటు అనుకుందాం. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవారి పేరున 5 శాతం, ఆడవారి పేరున 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు మరో 2 శాతం. మీ పేరున రాయించుకుంటే వీటికే 2,45,000 పోతుంది, భార్య పేరున అయితే 35,000 మిగులుతుంది. మీ 12 లక్షలు పోగా సుమారు 25 లక్షల అప్పు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల ఈఎంఐ దాదాపు 21,700. అద్దె పది వేలు వస్తుందనుకున్నా ప్రతి నెలా అంతకు మించి జేబులోంచి వేసుకోవాలి. ఖాళీగా ఉండే నెలలు, సున్నాలు, రంగులు వేరు. ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు. కానీ అది ధర మీద పందెం, అద్దె వ్యాపారం కాదు.

అదే డాబా మీద 600 చదరపు అడుగుల వాటా, అడుగుకు 1,800 చొప్పున వేసుకున్నా 10,80,000. అప్పు లేదు, స్థలం ఖర్చు లేదు. 6,500 అద్దె వచ్చినా ఏడాదికి 78,000, అంటే ఏడు శాతం పైమాట. ఫ్లాటుకు మూడున్నర శాతం దాటడమే కష్టం. ముందుగా స్తంభాలు, పునాది రెండో అంతస్తును మోస్తాయో లేదో ఇంజినీరుకు చూపించండి, ప్లానుకు అనుమతి తీసుకోండి. ఖర్చు తగ్గుతుందని సిమెంటు రేకులు మాత్రం వేయవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన మర్నాడు మా వీధిలో రేకుల గదులన్నీ ఆకాశం చూస్తున్నాయి, ఎదురింటివారి నీళ్ల ట్యాంకు పక్క సందులో దొరికింది. స్లాబే వేయండి.

డబ్బు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. డాబా నాన్నగారి పేరున ఉంటే, మీ డబ్బుతో లేచిన పై అంతస్తు కూడా రేపు పంపకాల్లోకి వస్తుంది. కూతుళ్లకూ సమాన హక్కు ఉంది. అక్కచెల్లెళ్లతో ఇప్పుడే మాట్లాడి, గిఫ్టు డీడో, పంపకపు దస్తావేజో రిజిస్టరు చేయించుకున్నాకే ఇటుక దించండి. మాటవరసకు అందరూ సరేనంటారు, అద్దె రావడం మొదలయ్యాక గుర్తుకొస్తాయి వాటాలు.

ఇక రాయగడలో మీకు చవకగా చూపిస్తున్న స్థలం సంగతి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూముల బదిలీపై 1956 నాటి రెండో రెగ్యులేషను, దానికి 2002లో చేసిన సవరణ ప్రకారం అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. 2023 నవంబరులో దీన్ని సడలించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించి, వ్యతిరేకత రాగానే ఆపేసింది. ఆ వార్త పట్టుకుని ఇప్పటికీ బ్రోకర్లు కబుర్లు చెబుతారు. అమ్మేవారు గిరిజనేతరులే అయినా, వారికి భూమి ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి తవ్వకుండా బయానా ఇవ్వవద్దు.

బరంపురం చుట్టుపక్కల కొన్నా పట్టా చదివించుకోవాలి. మన తెలుగువారిలో చాలామందికి ఒడియా మాట వచ్చుగానీ చదవడం రాదు, బ్రోకరు చదివిందే వేదం. ఒడిశా భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా నంబరు కొట్టి, కిసం (భూమి రకం) గడి చూడండి. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. శారద అని ఉంటే వరి పొలం, ముందు తహసీల్దారు దగ్గర మార్పిడి కావాలి. ఆ మార్పిడి చేసి ఇస్తామన్న మాట మీద డబ్బు కట్టడం నాకు నచ్చదు. సబ్ రిజిస్ట్రారు నుంచి ఈసీ (భూమిపై అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీసుకోవడం ఎలాగూ తప్పదు.

అద్దెకిచ్చాక తగాదాలు అద్దె మీద రావు, మోటారు మీద వస్తాయి. వాటాకు సబ్ మీటరు పెట్టండి, మోటారు, మెట్ల దీపం ఎవరి లెక్కలోకి వస్తాయో ఒప్పందంలోనే రాయండి. నెలాఖరున టార్చి పట్టుకుని మెట్ల కింద మీటరు అంకె అద్దెదారు ఎదుటే చదివి, నోటు పుస్తకంలో రాసి, పక్కనే సంతకం పెట్టించుకుంటాను. చాదస్తం అనుకునేవారు అనుకుంటారు. ఏడాది దాటిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి, అందుకే అందరూ 11 నెలలకు రాస్తారు. ఆధార్ నకలు, పోలీసు వెరిఫికేషను మొహమాటం లేకుండా అడగండి.

పన్ను విషయం క్లుప్తంగా: అద్దెలోంచి యజమాని కట్టిన హోల్డింగ్ ట్యాక్సు (మునిసిపల్ ఇంటి పన్ను) తీసేసి, మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు వస్తుంది, రసీదులు అక్కర్లేదు. అప్పు వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని కొత్త పన్ను విధానంలో జీతంతో సర్దుకోలేరు. ఫ్లాటు అమ్మేవారు ఆ మాట చెప్పరు.

తెలుగువారికే ఇవ్వాలా అని చివర్లో అడిగారు. ఆ షరతు పెడితే వాటా నెలల తరబడి ఖాళీగా పడి ఉంటుంది. వైద్య కళాశాల నర్సులు, రైల్వేవారు, బదిలీపై వచ్చే బ్యాంకు ఉద్యోగులు, ఇచ్ఛాపురం వైపు నుంచి పిల్లల చదువుకు వచ్చే కుటుంబాలు, ఎవరైనా నాకు ఒకటే. విద్యార్థులనే నమ్ముకోవద్దు. ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ మొదట ఇంజినీరింగ్ స్కూల్ రోడ్డులో ఐటీఐ భవనంలో నడిచేది, ఇప్పుడు లౌడిగాంలో సొంత ప్రాంగణం. విద్యాసంస్థ కదిలితే దాని వెంట పిల్లలూ వెళ్లిపోతారు.