చదువు ముందా, ఎగుమతులు ముందా? శ్రీకాకుళం నుంచి నా జవాబు

దేశం ఎదగాలంటే చదువు ముఖ్యమా, ఎగుమతులా అని అడిగారు. నా దృష్టిలో ఒకటి లేకుండా రెండోది ఎక్కువ దూరం పోదు. మా జిల్లాలో రెండు పరిశ్రమలను దగ్గరగా చూసి చెబుతున్నాను.

మాది పలాస పక్క పల్లె. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసేది. అక్షరం రాదు గానీ, పప్పు చూడగానే 180 రకమో 320 రకమో చెప్పేస్తుంది (పౌండు బరువుకు ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ నంబరు, తక్కువుంటే పప్పు పెద్దదని, ధర ఎక్కువని). అంత పనితనానికీ దక్కింది కిలోల లెక్కన కూలి. ఇలాంటివాళ్లు మా దగ్గర చాలామంది. 2011 జనాభా లెక్కల్లో జిల్లా అక్షరాస్యత సుమారు 62 శాతమే, విజయనగరంలో ఇంకా తక్కువ, 59.

ఇంకో సంగతి. మన దేశం పప్పు తీసే జీడి పిక్కల్లో చాలా భాగం ఆఫ్రికా నుంచి కొన్నదే. జీడీపీ (దేశంలో ఏడాదికి తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ) లెక్కలో ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేస్తారు కాబట్టి, పప్పు ఎంత అమ్మామన్న అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు. వియత్నాం కూడా ఆఫ్రికా పిక్కలే కొంటుంది. అయినా పిక్క కొట్టే యంత్రాలు సొంతంగా తయారుచేసుకుని, పప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. సరుకు అమెరికాకు వెళ్లేది. ఎఫ్‌డీఏ (మందుల నాణ్యత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) తనిఖీ అంటే అందరికీ టెన్షనే. వాళ్లు రికార్డులు తిరగేస్తారు: పరీక్ష ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, కొట్టేసిన అంకె పక్కన సంతకం, తేదీ ఉన్నాయా లేదా. 'రాయని పని చేయనట్టే' అని సీనియర్లు మా చెవులు చిల్లులు పడేలా చెప్పేవారు. కాలేజీలో బట్టీ పట్టిన టైట్రేషన్ (ఒక ద్రావణంలో పదార్థం ఎంతుందో కొలిచే పద్ధతి) నాకు నిజంగా వచ్చింది అక్కడే. ఆ ఉద్యోగాలు చూసే మా ఊళ్లో తర్వాతి పిల్లలు కెమిస్ట్రీ తీసుకున్నారు.

దక్షిణ కొరియాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. ముందు ప్రాథమిక విద్య దాదాపు అందరికీ అందింది. విగ్గులు, ప్లైవుడ్‌తో మొదలైన ఎగుమతులు 1964లో 10 కోట్ల డాలర్లు. 1977కి 1,000 కోట్లు. ఆ మధ్యలోనే ఉక్కు, ఓడలు తయారుచేయడం నేర్చుకున్నారు.

పరీక్షకైతే కొరియా ఉదాహరణ రాయండి, మార్కులొస్తాయి. నన్నడిగితే మాత్రం, పలాసలో యంత్రం చెడిపోతే బాగుచేసే ఐటీఐ కుర్రాడు ఆ ఊళ్లోనే దొరుకుతాడా, బయట నుంచి రావాలా అన్నది ముందు కనుక్కుంటాను.