సంఘం వదిలినా వెంట వచ్చిన భయం

ప్రశ్న: మాది గుంటూరులో చాలా నిష్ఠగల పెంతెకోస్తు క్రైస్తవ కుటుంబం. సినిమాలు, నగలు, బొట్టు అన్నీ నిషిద్ధమే. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనిపించకపోతే, క్రీస్తు రాకడలో అందరూ పరలోకానికి ఎత్తబడ్డారనీ నేనొక్కణ్ణే విడువబడ్డాననీ ఏడ్చేవాణ్ణి. పెద్దయ్యాక సంఘానికి వెళ్లడం మానేశాను. తరువాత నాగార్జునసాగర్‌లో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో కూర్చున్నాను. ఇప్పుడు తెల్లవారుజామున ధ్యానం తప్పితే ఆ రోజు ఏదో కీడు జరుగుతుందని భయం. నేను సత్యాన్ని వెతుకుతున్నానా, పారిపోతున్నానా?
– పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ జరుగుతున్నాయనే నాకు అనిపిస్తోంది. విపశ్యన నేర్పేవారు శ్వాసనూ, శరీరంలో కలిగే సంవేదనలనూ ఉన్నవి ఉన్నట్టు గమనించమంటారే తప్ప, ధ్యానం మానితే కీడు జరుగుతుందని చెప్పరు. కాబట్టి ఆ భయం మీరు ఇంటి నుంచి వెంట తీసుకెళ్లినదే. దేవుణ్ణి తప్పుల లెక్క రాసుకునే అధికారిగా ఎరిగి పెరిగినవారు, పెద్దయ్యాక ఆ దేవుణ్ణి కాదనుకున్నా ఆ కుర్చీని ఖాళీగా ఉంచలేక, గురువునో సాధననో, కొందరైతే ఆహార నియమాన్నో తెచ్చి అందులో కూర్చోబెడతారు.

అంతమాత్రాన మీ అన్వేషణ బూటకమని అనను. కఠినమైన పెంపకం మనిషిని ఎటు నడిపిస్తుందో ముందుగా చెప్పలేం. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా నాస్తికుడై, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పి, 1947లో దానిని విజయవాడకు తరలించారు. ఆచారాల మధ్యే పెరిగిన రచయిత చలం బ్రహ్మసమాజం మీదుగా, తిరుగుబాటు మీదుగా సాగి, 1950లో అదే విజయవాడను విడిచి అరుణాచలంలోని రమణాశ్రమానికి చేరారు. ఎటు వెళ్లినా ఇద్దరూ నమ్మినదానిని అరకొరగా పట్టుకోలేదు. ఆ పట్టుదలలో కొంత వద్దనుకున్న పెంపకం చలవేనేమోనని నా అనుమానం.

మీరు గంటసేపు కదలకుండా కూర్చోగలుగుతున్నారంటే అందులో ఉపవాస ప్రార్థనల అలవాటూ ఉండే ఉంటుంది. దానిని పారేయనక్కరలేదు. ఒక రోజు కావాలనే ధ్యానం మానండి. అప్పుడు పుట్టే భయం గుండెలో బిగుసుకుంటుందో, కడుపులో తిప్పుతుందో మీరు నేర్చుకున్న పద్ధతిలోనే గమనించి, మందలించే గొంతు ఎవరిదో రాసిపెట్టుకోండి. పాత కీర్తన ఏదైనా పాడాలనిపిస్తే నిరభ్యంతరంగా పాడుకోండి. అది ఓటమి కాదు. అయితే ఈ భయం నిద్రనూ పనినీ చెడగొడుతుంటే మాత్రం సైకియాట్రిస్టును కలవండి. పాపభీతి ఎడతెగని ఆలోచనగా పట్టుకోవడం కొందరిలో ఓసీడీ (అక్కరలేని ఆలోచనలు పదేపదే వేధించే మానసిక సమస్య) లక్షణం కావచ్చు, దానికి చికిత్స ఉంది.