కార్డు సంగతి తర్వాత, ముందు నాన్నగారికి ఈసీజీ తీయించండి

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మూడు వారాల నుంచి మేడమెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందంటున్నారు. కాసేపు కూర్చుంటే తగ్గుతోంది. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో అడిగి పాంటోప్రజోల్ వాడుతున్నాం. మాకు రేషన్ కార్డు లేదు. నేను ప్రైవేటు కంపెనీలో 19 వేల జీతానికి పనిచేస్తున్నాను. ఆయనకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? ఆయుష్మాన్ కార్డు తీసుకోవాలా, ప్రైవేటు పాలసీ చేయించాలా? ఏదో ఒక కార్డు వచ్చాక గుండె డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది కార్డు కాదు, మూడు వారాల ఛాతీ పట్టేయడం. మెట్లెక్కితే రావడం, కూర్చుంటే తగ్గడం, పైగా పదిహేనేళ్ల షుగర్, ఆ వయసు. ఇవన్నీ ఒక్క మనిషిలో కనిపిస్తే గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉందేమో చూడకుండా ఏ డాక్టరూ వదలరు. మనిషిని పరీక్షించకుండా ఇది అదేనని నేను చెప్పలేను. నిజంగా గ్యాసే కావచ్చు. కానీ ఆ మాట చెప్పాల్సింది పరీక్షలు చూసిన డాక్టరు, మెడికల్ షాపు కౌంటరు కాదు.

ఇది చదివిన రోజే ఈసీజీ తీయించండి. నార్మల్ అని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి తీసుకెళ్లిపోకండి. నడిస్తేనే నొప్పి వచ్చేవాళ్లకు పడుకోబెట్టి తీసిన ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఎకో (గుండె స్కానింగ్), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ తీసే ఈసీజీ), యాంజియోగ్రామ్ (రక్తనాళాల్లో అడ్డంకి చూసే పరీక్ష)... ఏది ఎప్పుడు అవసరమో చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్ష మాత్రం ల్యాబుకు వెళ్లి మీ అంతట మీరు చేయించకండి. నొప్పి ముదురుతున్న మనిషికి అది ప్రమాదం.

నాన్నగారిని ఒక్క మాట అడగండి. మూడు వారాల కిందట ఎన్ని మెట్లకు నొప్పి వచ్చేది, ఇప్పుడు ఎన్నింటికి వస్తోంది? అప్పుడు పై అంతస్తు దాకా వెళ్లగలిగి, ఇప్పుడు నాలుగు మెట్లకే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతుంటే ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏళ్ల తరబడి ఒకే తీరున ఉన్న నొప్పికంటే కొత్తగా మొదలై పెరుగుతున్న నొప్పికే మేము ఎక్కువ భయపడతాం. కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు కొన్నిసార్లు నొప్పి సరిగా తెలియదు. ఉన్నట్టుండి ఆయాసం, విపరీతమైన నీరసం వచ్చినా అదే జాగ్రత్త.

ఆ పాంటోప్రజోల్ గురించి కూడా చెప్పాలి. మాత్ర వేసుకుని కూర్చుంటే తగ్గింది కాబట్టి గ్యాసే అని చాలామంది నిర్ధారణకు వస్తారు. తగ్గించింది మాత్ర కాదు, కూర్చోవడం కావచ్చు. ఇలా సొంత వైద్యంతో వారాలు గడిపేసి, చివరికి గుండెపోటుతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం. చదువుకున్నవాళ్లు, జీతం తెచ్చుకుంటున్నవాళ్లు కూడా ఇలా చేస్తే బాధేస్తుంది.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో చూపించుకోవడానికి రేషన్ కార్డు అక్కర్లేదు. కాబట్టి కార్డు వచ్చేదాకా ఆగాలన్న మీ లెక్క మొదటి అడుగులోనే తప్పు.

ఆరోగ్యశ్రీ ఆహార భద్రత కార్డు (అంటే రేషన్ కార్డు) ఉన్న కుటుంబాలకు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దీని పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. నెలనెలా వాడే షుగర్, బీపీ మందులకు ఇది పనికిరాదు. జాబితాలోని చికిత్సలకే, ఈ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది. మీరు అర్హులైతే రేషన్ కార్డుకు దరఖాస్తు పెట్టండి, వద్దనను. ఈలోగా వైద్యం ఆపకండి.

నాన్నగారి వయసు వల్ల ఇంకో దారి ఉంది. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స అని కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. దాని పేరు వయ వందన కార్డు. ఆధార్‌తో నమోదవుతుంది. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అయితే మీ దగ్గరలో గుండె చికిత్సకు ఏ ఆసుపత్రి ఈ కార్డు తీసుకుంటుందో 14555కి ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. ఆరోగ్యశ్రీ వివరాలకు 104.

మీరు అడగనిది ఒకటుంది. మీ జీతం చీటీ తీసి చూడండి. 21 వేలలోపు జీతం కాబట్టి, మీ కంపెనీ ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిధిలో ఉంటే నెలకు 143 రూపాయల దాకా కోత కనిపించాలి. అది ఉంటే, మీపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందే వీలుంది. వాళ్ల సొంత ఆదాయానికి పరిమితి ఉంటుంది, పెద్ద చికిత్సలకు మీరు ఎంతకాలంగా చందా కడుతున్నారన్నదీ చూస్తారు. హెచ్ఆర్‌ను అడిగి నాన్నగారి పేరు ఎక్కించారో లేదో చూసుకోండి. చాలామంది పెళ్లికాకముందు ఇచ్చిన వివరాలనే అలా వదిలేస్తారు.

ప్రైవేటు పాలసీ ఇప్పుడు తీసుకున్నా ఈ ఛాతీ నొప్పికి అక్కరకు రాదు. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు ఆగమనే షరతు పెట్టవచ్చు. పాలసీ చేతికొచ్చేదాకా డాక్టరుకు చూపించకండి, రికార్డు అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వినకండి. దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు, అప్పటికి గుండె కూడా దెబ్బతినవచ్చు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆధార్, ఓటీపీ వచ్చే ఫోను, షుగర్ రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు తీసుకెళ్లండి. షుగర్ మందులు మీ అంతట మీరు ఆపకండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. అడ్వాన్సు కట్టకముందే అక్కడ అడగండి. ఈసీజీ తీసిన వెంటనే ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, తర్వాత చూసే డాక్టరుకు అవే కావాలి.