అట్ట మీద అతికించే ముందు

పాపా,

గండికోట నుంచి తెచ్చుకున్నవన్నీ ఒక అట్ట మీద అతికించాలని ఉందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషమైంది.

ముందు బస్సు టికెట్ల సంగతి చూడు. మిషన్‌లో నుంచి వచ్చే టికెట్ మీద సిరా ఉండదు. అది వేడికి నల్లబడే కాగితం. మన ఎండకు, వెలుతురుకు కొన్నాళ్లకే అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. అందుకే ఈ వారమే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌నే అతికించు. అసలుది కాగితం కవర్లో దాచుకో, ప్లాస్టిక్ కవర్లో వద్దు. హోటల్ బిల్లులకూ ఇదే పద్ధతి.

ఇవన్నీ చెత్త అని అమ్మ అంటోందన్నావు కదా. 1912లో పికాసో అనే పెద్ద చిత్రకారుడు కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తన బొమ్మకు అతికించి, చుట్టూ ఫ్రేముకు బదులు తాడు కట్టాడు. అమ్మకు ఆ మాట చెప్పు.

ఒక అట్టకు ఒక ఊరే పెట్టుకో. కోట ఫోటో మాత్రం నడిమధ్యలో పెట్టొద్దు. పెన్నా లోయ ఫోటో అందరి ఫోన్లలోనూ ఉంది. నువ్వు బజ్జీలు తిన్న పొట్లం కాగితం ఇంకెవరి దగ్గరా లేదు, దానికి ఇవ్వు ఆ చోటు. జిగురు ముట్టకుండా అన్నీ పరిచి, ఫోటో తీసి, తెల్లారి మళ్లీ చూడు. అప్పుడు ఏవి తీసేయాలో నీకే తెలుస్తుంది. తీసేయడానికి జంకొద్దు, ఖాళీ జాగా ఉంటేనే మిగతావి కనబడతాయి.

ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి బ్రష్‌తో పల్చగా పూయి. కాగితాన్ని మధ్య నుంచి అంచులకు గుడ్డతో ఒత్తి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచు. అట్ట వంకర పోకుండా వెనకవైపు కూడా ఒక కాగితం అంటించాలి. గుడ్డకు మాత్రం నీళ్లు కలపని జిగురు వాడు. దాన్ని అట్టకే రాసి, కాస్త ఆరి బంకగా అయ్యాక గుడ్డను అద్దు, లేదంటే మరక పైకి తేలుతుంది. ధర్మవరం పట్టు ముక్కలు అలాగే పాడవుతాయి.

లేపాక్షికి పోతే రాతి ముక్క ఒక్కటి కూడా ఏరుకురావద్దు, అది రక్షిత కట్టడం. అక్కడి గుడిలో లతామండపం స్తంభాల మీద డిజైన్లు పెన్సిల్‌తో గీసుకురా. చీరల అంచుల మీదికి ఎక్కినవి అవే కాబట్టి ఆ పట్టు ముక్క పక్కన బాగా అమరుతాయి.

నిమ్మలకుంటలో తోలుబొమ్మల వాళ్ల దగ్గర రంగు వేసిన మేకతోలు ముక్క దొరికితే వదలొద్దు. కానీ అట్టకు నేరుగా అంటిస్తే అది చచ్చిన రంగులా కనిపిస్తుంది, వెలుతురు దాంట్లోంచి దూరాలి కదా. అట్టలో కిటికీలా కోసి, తోలును వెనకనుంచి అంచుల దగ్గర మాత్రమే అంటించి, చిన్న బల్బు పెట్టి చూడు. ఆ ఎరుపు ఎలా వెలుగుతుందో!

ప్రతి ముక్క వెనక తేదీ, ఊరు, తోడు వచ్చినవాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాయి. ఫ్రేము కట్టేవాడికి అద్దం బొమ్మకు తగలకుండా సందు పెట్టమని చెప్పు. తగిలితే అంటుకుపోతుంది.

మీ పెద్దమ్మ,
అనంతపురం