బోరు నీళ్లు, ఫ్రంట్ లోడ్ మెషిన్: తెల్ల మరకలు, వాసన

నల్ల బట్టల మీద తెల్లటి పొడి మిగులుతోందని, డ్రమ్ములోంచి వాసన వస్తోందని, మెషిన్ మార్చేయాలా అని అడిగారు కదండీ. అప్పుడే మార్చొద్దు. మీ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వాటితో సబ్బు సరిగ్గా కరగదు, ఆ లవణాలే హీటర్ మీద పాచిలా పేరుకుంటాయి. మా ఇంట్లోనూ ఇదే గోల.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దొరుకుతుంది. ఖాళీ డ్రమ్ములో 100 గ్రాములు వేసి, బట్టలు, సబ్బు లేకుండా 60 డిగ్రీల వేడిలో ఒకసారి తిప్పండి. అందులో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. మేం రెండు నెలలకోసారి ఇలా చేస్తాం.

పౌడర్ బదులు ఫ్రంట్ లోడ్ లిక్విడ్ వాడండి. ఎక్కువ పోస్తే బాగా ఉతుకుతుందనుకోవద్దు, మిగిలిన సబ్బే ఆ వాసనకు మూలం. ఉతికాక తలుపు దగ్గరి రబ్బరు మడతలు పొడిగుడ్డతో తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. చిన్నపిల్లలుంటే జాగ్రత్త. కింద మూలన ఉండే ఫిల్టర్ ఎప్పుడైనా తీశారా? ముందు ప్లగ్ పీకి, పళ్లెం పెట్టి తీయండి, నీళ్లు కారతాయి. మాకు అందులో చిల్లర, పిన్నీసులు దొరికాయి.

ఇవన్నీ చేశాక కూడా మరకలు పోకపోతే మీ నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఎంతో రాయండి, చూద్దాం.