సర్వర్ మీద చెయ్యి వేసే ముందు

మారతహళ్లి,
బెంగళూరు.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కోరమంగలలోని మీ ఆఫీసులో ఒక పాత వెబ్‌సైట్ నిర్వహణ నీకు అప్పగించారని, అందులో పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ కావడం లేదని అక్క ఫోనులో చెప్పింది. వెంటనే కోడ్ తెరవాలన్న తొందర నీకు ఉంటుంది. కానీ ఆ సైటు ఏ సర్వర్ మీద, ఏ వెర్షన్లతో, ఏ హద్దుల మధ్య నడుస్తోందో ఉన్నది ఉన్నట్టు ముందు కాగితం మీద రాసుకో. ఆ పని పూర్తయ్యేదాకా ఒక్క సెట్టింగు కూడా మార్చవద్దు. మార్చాక పాత స్థితి ఏమిటో చెప్పగలవారు ఉండరు.

సైటు రాసిన భాష అయిన పీహెచ్‌పీ వెర్షన్ కోసం టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే తెరలో) కమాండు కొట్టి, వచ్చిన అంకెను నమ్మి ఊరుకోకు. టెర్మినల్‌లో నడిచేది వేరు, వెబ్ సర్వర్ వెనుక నడిచేది వేరు కావచ్చు. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టంలో ఆ రెండింటి సెట్టింగుల ఫైళ్లు కూడా వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఒకదానిలో హద్దు పెంచి, సైటులో మార్పు కనబడక తల పట్టుకున్నవారిని చాలామందిని చూశాను. బ్రౌజర్‌లో పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ తెరిచి 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్న వరుస చూస్తే, సైటు చదువుతున్న అసలు ఫైలు ఏదో తెలుస్తుంది. ఎవరూ మార్చకపోతే ఒక్కో ఫైలుకు పీహెచ్‌పీ హద్దు 2 మెగాబైట్లు, మొత్తం ఫారానికి 8; పీహెచ్‌పీకి ముందు ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాని హద్దు 1 మెగాబైటే, అది దాటితే 413 ఎర్రర్ (పంపినది మరీ పెద్దదని అర్థం) వస్తుంది. చూసిన వెంటనే ఆ ఇన్ఫో పేజీని సర్వర్ నుంచి తప్పకుండా తీసెయ్యి. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (కోడ్ బయట, సర్వర్ ప్రోగ్రాముకు అందించే విలువగా) పెట్టి ఉంటే, అది కూడా ఆ పేజీలో అందరికీ కనబడవచ్చు.

డిస్కు సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం నేను చూసుకునే ఒక దుకాణం సైటులో ఎవరూ లాగిన్ కాలేకపోయారు. డిస్కులో జాగా లెక్క చెప్పే డీఎఫ్ కమాండు సగానికి పైగా ఖాళీ చూపించడంతో రాత్రంతా కోడ్‌లో వెతికాను. తెల్లవారుజామున ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) చూపించే హైఫన్ ఐ జతచేసి కొడితే నూటికి నూరు కనబడింది. ఎవరూ తుడవని చిన్న చిన్న సెషన్ ఫైళ్లు (సైటుకు వచ్చిన ఒక్కొక్కరి లాగిన్ గుర్తులు దాచేవి) లక్షల్లో పేరుకుపోయి, జాగా ఉన్నా కొత్త ఫైలు పుట్టే వీలు లేకుండా చేశాయి. అప్పటినుంచి ఆ రెండు కమాండ్లనూ జంటగానే కొడుతున్నాను.

లోపాలు నమోదయ్యే ఎర్రర్ లాగ్ చదివేటప్పుడు సర్వర్ గడియారం చూసుకో. అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, ఉదయం పదింటికి వచ్చిన ఫిర్యాదును నాలుగున్నర దగ్గర వెతకాలి. పీహెచ్‌పీ వెర్షన్ 7.4 అని తేలితే భయపడకు. దానికి పీహెచ్‌పీ బృందం ఇచ్చే భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి కనుక మార్చక తప్పదు గానీ, అది అప్‌లోడ్ సమస్యతో కలిపి చేసే పని కాదు.

పాస్‌వర్డులు మాత్రం రాయకుండా, ఆ కాగితం ఫొటో శుక్రవారంలోగా పంపు. ఆదివారం ఇంటికి వస్తే, బ్యాకప్ తీసుకుని మొదటి మార్పు ఇద్దరం కలిసి చేద్దాం.

ఇట్లు,
మామయ్య